సూది మడిచిన గొడుగులు

విమానంలోంచి దూకే సిపాయిలు వీపుకు కట్టుకునే పారాచూట్లను ఆ పటాలంలో అందరూ గొడుగులనేవారు. వాటిని మడతపెట్టే షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పొడవాటి బల్లలు, తాళ్లు చిక్కుపడకుండా తగిలించే కొక్కేలు, తడి ఆరడానికి పైకప్పు నుంచి వేలాడే తెల్లటి గుడ్డలు. అక్కడ పనిచేసేవాళ్లలో సూది అనే మనిషి పనితనమే వేరు. ఆ పేరు పెట్టింది షెడ్డు పెద్దాయన. చిరుగు కుడితే కుట్టు ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు, దాంతో పేరు అతుక్కుపోయింది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినపడేది కాదు. దూకే ముందు ఎంత మొండివాడైనా సరే, "సూది మడిచినదేనా?" అని అడిగి, అవునంటేనే వీపుకు తగిలించుకునేవాడు.

ఆ పేరు వింటే ఆడో మగో తెలియదు. అందుకే ఆమెకు అది ఇష్టం.

పటాలం లెక్కలో ఆమె మగవాడు. ఇంట్లోనూ అంతే, బస్సు నడిపే నాన్నకు ఒక్కగానొక్క కొడుకు. తాను ఆడపిల్లనని ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సైన్యంలో చేరితే ఆ బూట్లూ ఆ పరుగులూ కలిసి లోపలి మనిషిని తొక్కి పారేస్తాయనుకుంది. ఒళ్లు హూనం చేసుకుని పడుకునేది. లోపలి మనిషి చెక్కుచెదరలేదు. పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే ఎవడో పరాయివాడికి ఊడిగం చేస్తున్నట్టుండేది.

చివరికి సెలవు దొరికినప్పుడల్లా దూరపు పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. మందులు వాడింది. ఆ తర్వాత పెద్ద సెలవు దొరికితే, ఆడ శరీరంగా మార్చే ఆపరేషన్ చేయించుకుంది. బస్టాండులో టికెట్లు ఇచ్చే అక్క, ఏదో శిక్షణ ఉందని బావతో అబద్ధమాడి వచ్చి మంచం పక్కన కూర్చుంది. మత్తు వదిలాక మొహం తుడుస్తూ, "ఎలా ఉందే?" అంది. అంతవరకూ అక్క నోట 'ఏరా' తప్ప మరో పిలుపు ఎరగదు. నొప్పితో మెలితిరిగిపోతూనే ఆమె నవ్వింది.

ఆ సంతోషం నాలుగు రోజుల ముచ్చట. కోసిన చోట చీము పట్టింది, సెలవు అయిపోవచ్చినా జ్వరం దిగలేదు. వెళ్లకపోతే పారిపోయినట్టు లెక్క, వెళితే సంగతి దాగదు. జ్వరంతోనే వెళ్లింది. హాజరు వరసలో నిలబడలేక కూలబడితే పటాలం ఆసుపత్రికి మోసుకెళ్లారు. డాక్టరు దుప్పటి ఎత్తి చూసి, మళ్లీ కప్పి, బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆ కబురు వంటశాల దాకా పాకింది.

పుండు మానాక ఆమెను పిచ్చివాళ్ల వార్డులో వేశారు. తలుపుకు బయట గొళ్లెం, కిటికీ అద్దాలకు తెల్ల రంగు. అది మగవాళ్ల వార్డు కాబట్టి మంచం చుట్టూ తెర కట్టి, తెర బయట కాపలా పెట్టారు. స్నానానికి వెళ్లినా కాపలావాడు తలుపు దగ్గర నిలబడేవాడు. వచ్చిన డాక్టరల్లా ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోందని అడిగేవాడు. అనిపించడం కాదు సార్, నేను ఇంతే, అనేది. వాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. నెలలు గడిచాయి. నిజంగానే పిచ్చెక్కుతోందేమోనని తన చేతులు తనే చూసుకునేది, వణుకుతున్నాయా లేదా అని. నాన్న ఒక్కసారీ రాలేదు. అమ్మ ఫోన్ చేసి ఏడ్చేది, ఇంతలో నాన్న వస్తున్నారంటూ పెట్టేసేది.

పిచ్చేమీ లేదని తేల్చి వదిలారు. పైనుంచి తీర్పు వచ్చేదాకా పటాలంలోనే ఉండమన్నారు, గొడుగులు మాత్రం ముట్టుకోవద్దన్నారు. సామాన్ల గదిలో తెగిన పట్టీలు ఏరే పని ఇచ్చారు. అప్పటి నుంచి అందరి నోటా ఆమె 'అది' అయింది. అదిగో అది వచ్చింది, దాని పళ్లెం పక్కన పెట్టండి. ఇంట్లో అమ్మ అక్కను అలాగే అనేది, అది ఇంకా తినలేదు, దానికి జలుబు చేసింది అని. చిన్నప్పుడు ఆ మాట కోసం అక్క మీద ఎంత కుళ్లుకుందో. ఇప్పుడు అదే మాట ఉమ్మినట్టు మీద పడుతోంది.

ఒక ఉదయం సామాన్ల గది కిటికీలోంచి షెడ్డులోకి చూసింది. సెలవుకు ముందు తాను మడిచిపెట్టిన గొడుగులను అరల్లోంచి లాగి, బల్లల మీద వేసి విప్పేస్తున్నారు. అవి కట్టుకుని దూకేది లేదని సిపాయిలు మొరాయించారట. మొదట నోరు తెరిచింది పొడుగు. పొడుగంటే ఆమెతో పాటే చేరినవాడు, పక్క మంచంవాడు, తనకు కూతురు పుట్టిందని తెలిసిన రోజు ఆమెను ఎత్తుకుని గిరగిరా తిప్పినవాడు.

కుళాయి దగ్గర అతన్ని దొరికించుకుంది.

"నా మడతలో తప్పేముందిరా?"

పొడుగు తలెత్తకుండా చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. "తప్పేం లేదు. కానీ ఇన్నేళ్లూ నా పక్కన పడుకున్నదెవరో నాకే తెలీలేదు. ఆ మనిషి కట్టింది నమ్ముకుని ఎలా దూకను?"

తాను మడిచిన గొడుగుతో తానే దూకి చూపిస్తానని వెళ్లి ఆఫీసరును అడిగింది. ఆయన మంచివాడే, కూర్చోమని కుర్చీ చూపించాడు. విమానం ఎక్కే అర్హత నీకిప్పుడు లేదని మెల్లగానే చెప్పాడు.

మైదానం చివర, దూకడం నేర్పే ఇనుప టవరు ఉంది. అందరూ భోజనాలకు పోయాక ఆమె దాని మీదికి ఎక్కి అంచున కూర్చుంది. వీపున ఏమీ లేదు. ఎందుకు ఎక్కిందో ఆమెకు తెలుసు. కింద మైదానం బోసిగా ఉంది, ఎవరి కోసం ఆగాలో తోచలేదు.

మెట్ల మీద ఎవరో రొప్పుతున్న చప్పుడయింది. షెడ్డు పెద్దాయన. వచ్చి పక్కన చతికిలబడి, ఊపిరి సర్దుకోవడానికే చాలాసేపు తీసుకున్నాడు.

"నీ సంగతి నాకు అర్థం కాలేదు," అన్నాడు. "ఈ బుర్రకు ఎక్కదు కూడా. కానీ మోకాళ్లు పట్టేశాయి, ఒక్కణ్ణే దిగలేను. చెయ్యి పట్టుకుని దించమ్మా."

ఇన్ని నెలల్లో రాని ఏడుపు ఆ పిలుపుకు కట్టలు తెంచుకుంది. అది తగ్గేదాకా ఆయన తన మోకాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఆమె లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ దించింది.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. ఆమెను నిలబెట్టి చదివారు. సైన్యంలో ఉండటానికి 'పనికిరాడు' అని ఉంది అందులో. ఆడదైనందుకు వెళ్లగొడుతూ కూడా మగవాడనే రాశారు. యూనిఫాం అక్కడే విప్పించుకున్నారు. గేటు దాకా ఎవరూ రాలేదు.

నాన్న ఇంటి గడప తొక్కనివ్వలేదు. అక్క తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకుంది. బావ చాలాకాలం ముభావంగా తిరిగి, ఒక రోజు ఆమె గదికి లోపలి గడియ బిగించి ఇచ్చాడు. ఆమె లారీలకు టార్పాలిన్లు కుట్టే కొట్లో చేరింది. సైన్యం మీద కేసు వేసింది.

ఏళ్లు నానిన కేసులో ఒక రోజు సైన్యం తరఫు లాయరు లేచి ఒక రాజీ చెప్పాడు. మగవాళ్ల లెక్కలోనే ఉంటానంటే, జుట్టు కత్తిరించుకుని సామాన్ల గదిలో పనిచేస్తానంటే, మళ్లీ తీసుకుంటారట. జడ్జిగారు ఆమె వైపు చూసి ఏమంటావన్నారు.

షెడ్డు వాసన ఆమె ముక్కుపుటాలకు తగిలినట్టయింది. ఆ గొడుగు గుడ్డ మళ్లీ కళ్ల ముందు ఉండటం కోసం దాదాపు ఏదైనా ఇచ్చేసేది.

"అలా అయితే వద్దండి," అంది.

కేసు మళ్లీ వాయిదా పడింది. ఆమె బయటికి వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. అక్క కొంగు అందించింది.

"సరిగ్గానే చెప్పానా అక్కా?"

"నాకేం తెలుసు," అంది అక్క. "పద, ఎండ ముదురుతోంది."