కెమెరా ముందు చెప్పిన సోది

కరోనా తగ్గిన రెండో ఏడు, కార్తీకంలో, కోటబొమ్మాళిలో ఒక ఇంటికి సోది చెప్పడానికి రమ్మని నాకు పిలుపు వచ్చింది. పిలిచింది ఆ ఇంటివాళ్లు కాదు, ఒక టీవీ ఛానెల్. దెయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్లకు వెళ్లి యంత్రాలతో పరిశోధన చేసే కార్యక్రమం వాళ్లది. అందులో నన్ను ‘మీడియం’ అన్నారు. పైన ప్రొడ్యూసర్, ఆయన కింద యాంకర్, తర్వాత కెమెరావాళ్లు, యంత్రాలు చూసే ఇంజనీరు, ఆ తర్వాత నేను. టీ కూడా ఆ వరసలోనే అందేది.

అప్పటికి మా పాపకు ఐదు నెలలు. పురుడు అయ్యాక నేను ఒప్పుకున్న మొదటి పని అది. నరసన్నపేటలో పాపను మా అత్తగారికి అప్పగించి వెళ్లాను.

సోది అంటే తెలియనివాళ్ల కోసం పద్ధతి చెబుతాను. నమ్మమని అడగడం లేదు. పోయినవాళ్ల మాట వినాలని వాళ్ల మనుషులు కోరితే, సోది చెప్పేవాళ్లు ఆ ఇంటికి వెళతారు. పొద్దుటి పూట, తలుపులు తీసి ఉంచి, చేటలో బియ్యం పోసి, పక్కన దీపం పెట్టి కూర్చుంటారు. ఇంటివాళ్లలో ఒకరు ఆ బియ్యం ముట్టుకోవాలి. ఒకరు ఎదురుగా కూర్చుని ప్రతి మాటకీ ‘ఊఁ’ అనాలి. ఊకొట్టే మనిషి లేకపోతే మాట రాదు. వచ్చే మాటలు కూడా పెద్ద పెద్దవేమీ కావు. ఫలానా చీర చెల్లికిమ్మనీ, పిల్లాడికి పుట్టు వెంట్రుకలు తీయించమనీ చెబుతారు. ఇంటివాళ్లు పరీక్ష పెడతారు. తప్పు వస్తే మొహం మీదే అంటారు. మర్నాడు వాళ్ల వీధిలోంచే నడిచి వెళ్లాలి కనుక సోది చెప్పేవాళ్లు నోటికొచ్చింది చెప్పరు. మా అమ్మమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. శ్రీకాకుళంలో బీయస్సీ చదువుతూ సెలవుల్లో ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. పెళ్లయ్యాక ఒక్కదాన్నే వెళ్లడం మొదలుపెట్టాను.

కోటబొమ్మాళి ఇల్లు స్టేషన్‌కి వెళ్లే దారిలో ఒక చిన్న పెంకుటిల్లు. అందులో పార్వతి అనే ఆమె ఆడపిల్లను కని, పురిటి స్నానం కాకుండానే రక్తం పోయి చనిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఉండలేకపోయారు. ఆమె భర్త కూలి పనికి చెన్నై వెళ్లిపోయాడు. అతని తల్లి అప్పలనర్సమ్మ పసిగుడ్డును తీసుకుని సరిగ్గా ఎదురింట్లోకి మారింది. ఆ పిల్ల పేరు జ్యోతి. నేను వెళ్లేనాటికి ఒకటో తరగతి.

మూత పడిన ఇంటి గురించి వీధిలో మాటలుండేవి. గాజుల చప్పుడు వినబడుతుందని, పాల వాసన వస్తుందని అనుకునేవారు. అంతవరకే. జ్యోతి మాత్రం అందరి పిల్లలతోనూ ఆడుకునేది.

షూటింగ్‌కి ముందు ‘లొకేషన్ లాక్’ అని ఒకటి చేస్తారు. ఆ చోటికి సంబంధించిన వాళ్లందరినీ బయటికి పంపి తలుపులు వేయడం. నేను ప్రొడ్యూసర్‌తో, కనీసం అప్పలనర్సమ్మ గారిని లోపలికి రానివ్వండి, లేకపోతే సోది కుదరదు అన్నాను. ఆయన చాలా మర్యాదగానే, “ఫ్యామిలీ ఉంటే ఏడుపులైపోతాయి మేడమ్, మనది హారర్ స్లాట్” అన్నారు. అప్పలనర్సమ్మ ఎదురరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆవిడ దగ్గర జ్యోతి పుస్తకాల సంచీ తగిలించుకునే నిలబడి ఉంది.

మీరు టీవీలో చూసే అర్ధరాత్రి నిజానికి మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. ఇంజనీరు చేతిలో కరెంటు జాడ పట్టే చిన్న మీటరు ఉంది. వంటింటి గోడ దగ్గర దాని దీపాలు వెలిగాయి. బయట ఆ గోడ మీదుగానే వీధి కరెంటు తీగ వెళుతోందని అతనే నాతో అన్నాడు. యంత్రం అబద్ధం చెప్పలేదు. కరెంటు ఉంటే ఉందనే చెప్పింది. యాంకర్ మాత్రం దాన్ని చూసి వెనక్కి గెంతాడు. ఆ గెంతు సరిగా రాలేదని మళ్లీ గెంతించారు.

నా వంతు వచ్చేముందు లైటు సరిచూసుకోవాలని, ఒకసారి తలుపు వైపు చూడమన్నారు. చూశాను. కళ్లలో లైటు పడి రెప్పలు కొట్టుకున్నాను.

చేట పెట్టాను కానీ కూర్చోలేదు. ఊకొట్టేవాళ్లు లేరు కనుక కూర్చోనని చెప్పాను. అయితే మీ అభిప్రాయం ఒక ‘బైట్’ ఇవ్వండి అన్నారు. బైట్ అంటే కెమెరాకి చెప్పే నాలుగు మాటలు. నేను నా పనికి సంబంధించి నాకు తెలిసినదే చెప్పాను. “ఈ ఇంట్లో ఎవరూ లేరు. పోయినవాళ్లు గోడల కోసం రారు, మనుషుల కోసం వస్తారు. వాళ్లు వచ్చేది కూడా పిలిస్తేనే, మాట చెప్పి వెళ్లిపోవడానికే. ఆమె వస్తే గిస్తే ఎదురింట్లో ఉన్న కూతురి దగ్గరికి వస్తుంది. అది భయపడాల్సిన సంగతి కాదు.” ప్రొడ్యూసర్ చాలా బాగుందన్నారు.

నెల తిరిగాక ఆ భాగం ప్రసారమైంది. మా ఇంట్లోనే మా అత్తగారూ నేనూ చూశాం. ముందు వెనకలూ, మధ్యలో ‘వస్తే గిస్తే’ అన్నదీ తీసేసి, “ఆమె ఎదురింట్లో ఉన్న కూతురి దగ్గరికి వస్తుంది” అన్న ముక్క ఒక్కటే ఉంచారు. ఆ మాట వినబడుతుండగా, లైటు సరిచూసినప్పుడు తీసిన బొమ్మ చూపించారు. నేను తలుపు వైపు చూసి రెప్పలు కొట్టుకుంటున్నాను. కింద ఎర్ర అక్షరాలతో ‘తల్లి ఆత్మ కూతురి వెంటే!’ అని వేశారు. పిల్ల మొహం మసక చేశారు. ఇల్లు, అరుగు, మామ్మ, పుస్తకాల సంచీ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ఫోన్ చేసి అడిగాను. ప్రొడ్యూసర్ ఆశ్చర్యపోయారు. “మీరన్న మాటే కదా మేడమ్ వేశాం, మేం కొత్తగా కలిపింది ఏముంది?” అన్నారు. ఒక్క మాట కూడా కలపలేదన్నది నిజమే.

సంక్రాంతి వెళ్లాక అప్పలనర్సమ్మ బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. జ్యోతిని కూడా తెచ్చింది. మంచినీళ్లిస్తే తాగింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. జరిగింది చెప్పింది. బళ్లో మధ్యాహ్నం అన్నం దగ్గర జ్యోతి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. వీధిలో నడిస్తే చంటిపిల్లల తల్లులు బిడ్డల మీద కొంగు కప్పుకుంటున్నారు. పక్కవీధిలో ఒక బాలింత ఈ పిల్లను చూసి తలుపు వేసుకుంది.

“మొన్న నన్నడిగినాదమ్మా,” అంది, పిల్లను పెరట్లోకి పంపి. “‘మామ్మా, అమ్మ నా ఎనకాల ఉన్నాదా?’ అని. నడుస్తా నడుస్తా ఆగిపోయి ఎనక్కి సూసుకుంతాది. నానేటి సెప్పాల?”

పద్ధతి ప్రకారం పొద్దుటి పూట, వీధి అంతా కూర్చుని ఉండగా, నేను వచ్చి సోది చెబుతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“నీ నోట ఇంక మాటొద్దు తల్లీ. నీ మాట టీవీలో ఇన్నారు గదా, అదే సాలు. ఇప్పుడు నువ్వేటి సెప్పినా, సర్దుతున్నాదంతారు.” మా పాప చాప మీద బోర్లా పడి ఆడుకుంటోంది. ఆవిడ దాని వంక చూసింది. “నీ గుంటనట్టుకొని రా. మా గుంట ఒళ్లో ఎట్టు. బడి వదిలే యేళకి. ఈదంతా సూడాల.”

ఆలోచించుకుని చెబుతానన్నాను. మా అత్తగారు వంటింట్లోంచే అంతా విన్నారు. వాళ్లు వెళ్లగానే, “ఏటే, బుద్దున్నాదా నీకు? పాలు తాగే పసిదాన్నట్టుకెళ్లి, తల్లి ఎంటున్న గుంట ఒళ్లో ఎడతావా?” అన్నారు. ఎంట లేదు అత్తా, టీవీవాళ్లు మాట కోసేశారు అన్నాను. “నువ్వే గదా సెప్పినావు కూతురి దగ్గరికే వస్తాదని. రాదని సెప్పు మరి” అన్నారు. రాదని చెప్పలేకపోయాను. నా పని మొత్తం వస్తారన్న దాని మీదే నిలబడి ఉంది. వచ్చే తల్లి ఇంకొకరి బిడ్డకు కీడు చేయదన్నదీ నాకు అంత గట్టిగానూ తెలుసు. అయినా ఆ వారమంతా పాప తుమ్మితే లేచి కూర్చున్నాను.

వెళ్లాను. అప్పలనర్సమ్మ అరుగు కడిగి చాప వేసి ఉంచింది. బడి వదిలారు. వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. జ్యోతి కాళ్లు మడిచి, ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. పాపను ఆ ఒళ్లో పెట్టాను. పిల్ల చేతులు రెండూ గాల్లోనే ఉంచి నా వైపు చూసి, “ముట్టుకోవచ్చా?” అంది. ముట్టుకోమన్నాను. పాప ఆ పిల్ల రిబ్బను పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

పక్కింటి కోడలు, చంకలో కొడుకుతో, దూరం నుంచే అడిగింది. “మరి టీవీలో అలాగ బెదిరిపోనావేటమ్మా?”

“లైటు సరిచూస్తాం, తలుపు వైపు చూడమన్నారు. కంట్లో పడింది.”

“ఓలమ్మ! లైటుకేనా!” అంది ఆమె. “మా ఆయన మూడు దినాలు దుప్పటి కప్పుకొని తొంగున్నాడే, నీ మొకం సూసి!”

“మీ ఆయన నీ మొకం సూసినా కప్పుకుంతాడు గదే” అంది అవతలి గుమ్మంలో ముసలమ్మ. వీధంతా నవ్వింది. జ్యోతి కూడా, దేనికో తెలియకుండానే నవ్వింది. ఆ పక్కింటి కోడలు వచ్చి తన కొడుకును చాప మీద దింపింది. వాడు వెళ్లి పాప కాలు పట్టుకున్నాడు. సాయంత్రం బస్సుకు నేను బయల్దేరేసరికి అరుగు మీద ఇంకా పిల్లలున్నారు.

మర్నాడు జ్యోతి పక్కన కూర్చుని ఇద్దరు అన్నం తిన్నారని అప్పలనర్సమ్మ ఫోన్ చేసింది. ఆ మర్నాడు కూడా చేసింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం మా పాపకు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలింది, పాలు తాగలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ ఈ రాత అంతా దాని కోసమే. పాప ఒంటి మీద చెయ్యి వేయగానే నా మనసులో మొదట మెదిలింది చలిగాలి కాదు, బస్సు ప్రయాణం కాదు. జ్యోతి ఒళ్లో కూర్చున్న పాప. ఎవరూ నాకు చెప్పలేదు, దానంతటదే వచ్చింది.

నేను ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను. ఆ కాసేపట్లో మా అత్తగారు కోటబొమ్మాళిలో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేశారు. దిష్టి ఎలా తీయాలో, ఆ ఇంటి మట్టి ఏమైనా తెచ్చి తిప్పాలేమో కనుక్కోవడానికి. ఆవిడ భయం మనవరాలి కోసమే. డాక్టరు పాప చెవిలో లైటు వేసి చూసి, లోపల చీము పట్టింది, జలుబు నుంచి వచ్చింది అన్నారు. మందుతో తగ్గిపోయింది. డాక్టరు మాట నరసన్నపేట దాటలేదు. అత్తగారి ఫోను మర్నాడు పొద్దుటికే జ్యోతి వాళ్ల వీధి మొత్తం తిరిగింది. సోది చెప్పేదాని బిడ్డకే తప్పలేదన్నారు.

నేను ఫోన్ చేసి చెవి సంగతి చెప్పాను. అప్పలనర్సమ్మ అడ్డు రాకుండా విన్నది. “గుంటకి నయమైనాదా?” అంది. అయిందన్నాను. “అయితే సాలు. నువ్వు సెయ్యాల్సింది సేసినావమ్మా, నీ తప్పేటి నేదు.” ఫోను పెట్టేసేముందు, “పక్కింటిది కొడుకుని వాళ్లమ్మగారింటికి పంపేసినాది” అంది.

వేసవి సెలవులకు జ్యోతిని చీపురుపల్లిలో మేనత్త ఇంటికి పంపారు. ఇప్పుడు అక్కడే చదువుతోంది. అక్కడ పిల్లలు అడిగితే, అమ్మ నాన్నతో పాటు చెన్నైలో ఉందని చెప్పమని నేర్పారట. బాగానే చెబుతోందని మేనత్త అన్నదట. కోటబొమ్మాళిలో అప్పలనర్సమ్మ ఒక్కతే ఉంటోంది.

ఆ ఛానెల్ తర్వాత మరో ఊరికి పిలిచింది, వెళ్లలేదు. ఇళ్లకూ సోదికి వెళ్లడం మానేశాను. పోయినవాళ్ల మీద నమ్మకం పోయి కాదు, అది అలాగే ఉంది. ఇన్నేళ్లు ఆ పని చేస్తూ, నమ్మకం ఉన్నచోట భయం ఉండదనుకున్నాను. భయపడేవాళ్లకు అసలు సంగతి చెబితే చాలనుకున్నాను. అసలు సంగతి నాకు ముందే తెలుసు, అయినా పాపకు జ్వరం వచ్చిన సాయంత్రం అది నాకు చాల్లేదు. నా చేతిలో ఉన్న పద్ధతికి భయం లొంగదు. టీవీలో చూపించేవాళ్లకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు, వాళ్ల పని దాంతోనే. ఎదుట ఊకొట్టే మనిషి లేని చోట పోయినవాళ్ల గురించి ఒక్క మాట కూడా చెప్పకూడదని, ఈ పనిలోకి రావాలనుకునే అమ్మాయిలు ఎవరైనా అడిగితే చెబుతున్నాను. చెప్పిన మాట ఎంత నిజమైనా సరే.