వాపసు శెట్టి

ఆత్మకూరు బజారులో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు అమ్ముకునే కోదండరామయ్యను ఆ పేరుతో పిలిచేవాళ్లు చివరికి ఇంట్లోవాళ్లే మిగిలారు. ఊరికంతా ఆయన వాపసు శెట్టి. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత మొహానే అన్నారు. కోప్పడాల్సిన మనిషి కోప్పడకపోగా మీసాల్లో నవ్వుకునేవాడు. ఇంకేం కావాలి! ఊరు పెట్టిన పేరుకు తగ్గట్టు బతకాలని ఒకసారి బుద్ధి పుట్టిందంటే, ఇక ఆ మనిషిని దేవుడు కూడా ఆపలేడు.

దీనికి మొదలు బొగ్గుబస్సుల కాలంలో పడింది. యుద్ధం అయిపోయినా పెట్రోలుకు కరువే. బస్సు వెనక బొగ్గుపొయ్యి కట్టుకుని, అది రాజుకుంటే కదలడం, ఆరితే నిలబడడం. ఒకరోజు సరుకు కోసం నెల్లూరు పోతుంటే సంగం ఇంకా రాకముందే బస్సు మొండికేసింది. "దిగి నడవండయ్యా, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు కండక్టరు. జనం నోరెత్తకుండా మూటలు నెత్తికెత్తుకున్నారు. కోదండరామయ్య మాత్రం టిక్కెట్టు వెనక్కి తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. బండి దారిలో చెడిపోతే కంపెనీవాళ్లు వేరే బండి ఎక్కించాలి, లేకపోతే మిగిలిన దూరానికి చార్జీ వాపసు ఇవ్వాలి. తనంతట తాను బండి వదిలి పోయినవాడికి మాత్రం ఏమీ రాదు. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నా, అచ్చు అచ్చే కదా! ఆయన పట్టు పట్టాడు. కండక్టరు గింజుకున్నాడు, బతిమాలాడు, ఆఖరికి దారికొచ్చి అందరికీ డబ్బులిచ్చాడు.

అప్పుడు జనం ఆయన్ని చూసిన చూపు ఉంది చూశారూ, అదీ ఆయనకు తగులుకున్న రుచి. పిసినారి అనుకునేరు, పాపం, కాదు. వచ్చిన చిల్లరకు తన చేతి డబ్బు ఇంత కలిపి సంగంలో అందరికీ కాఫీ తాగించాడు. ఆయనకు కావలసింది గెలుపు.

రోజూ కొట్టు కట్టేశాక తమలపాకుల కోసం బస్టాండు దాకా నడిచిపోయి రావడం ఆయనకు ఏనాటి నుంచో అలవాటు. ఇప్పుడు ఆకులు వంక అయ్యాయి. దిగినవాళ్లనల్లా "బండి దోవలో యాడన్నా నిలిచిందా?" అని ఆరా తీసేవాడు. నిలిచిందని ఎవరన్నా అన్నారో, వాళ్ల తరపున బస్సు కంపెనీ ఏజెంటు ముందు కూర్చునేవాడు. ఒక్కో కేసు నాలుగైదు సాయంకాలాలు సాగేది. భార్య వరదమ్మ నలుగురిలోనూ అనేది: "ఊళ్లో మొగోళ్లు పేకాడతారు, పులిజూదమాడతారు. మా ఆయన కండక్టర్లను ఆడిస్తాడు." అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నిజం చెప్పొద్దూ, అంత ఖర్చులేని సరదా ఇంకొకటి లేదనే అందరూ అనుకున్నారు.

ఆయనకు తోడబుట్టింది ఒక్కతే, అక్క ఆదిలక్ష్మమ్మ. ఉదయగిరిలో ఇచ్చారు. మొగుడు పసుపుకుంకాలు తీసుకుపోయేనాటికి ఆమె కూతురు వసంతకుమారి చేతిబిడ్డ. ఆ బిడ్డకు నాయనైనా మామైనా కోదండరామయ్యే. నెలకోసారి బెల్లం, పప్పు మోసుకుపోయేవాడు. వెళ్లిన రెండు రోజులూ పిల్ల ఆయన భుజం దిగేది కాదు. కోటకొండ చూపించమని ఒకసారి, కొయ్యగరిటెలు చెక్కేవాళ్ల దగ్గరికి తీసుకుపొమ్మని ఒకసారి, ఏదో వంకన ఎక్కి కూర్చునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వసంతకు సంగం సంబంధం కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పెళ్లిపీటల దగ్గరికి మోసుకురావలసింది మేనమామ. అది వాళ్ల ఆచారం. నాయన లేని పిల్లకు ఆ గంప ఎంతో మీకు చెప్పక్కర్లేదు. లగ్నాలు పెట్టుకున్న రోజున వసంత తలుపు చాటు నుంచి ఎగతాళి చేసింది.

"మామా, ఇప్పుడు నేను బరువెక్కినాను. ఎత్తగలవా?"

"నువ్వు బెల్లం బస్తా కంటే బరువా ఏంది? ఒంటి చేత్తో ఎత్తేస్తా, చూడు."

"రెండు రోజులు ముందుగా రారా తమ్ముడా," అంది అక్క. "మొగదిక్కు లేని ఇల్లు."

"వరదమ్మను ముందు పంపిస్తానక్కా. ముందురోజు సంత ఉండాది, మిరపకాయల గిరాకీ రోజు. పెళ్లినాడు తొలి బండికి వచ్చేస్తాగా. మధ్యాన్నం గదా ముహూర్తం!"

అన్నట్టే తొలి బండి ఎక్కాడు. సిల్కు పంచె, కొత్త కండువా. దారి పొడుగునా పక్కవాళ్లకు వసంత సంగతులే చెప్పాడు. వాళ్లలో మాలకొండమ్మ అనే రైతు పెద్దావిడ ఉంది, ఆమెది ఉదయగిరిలో అక్కావాళ్ల పక్క వీధి. కోటకొండ కనబడుతోంది, ఇంకెంత దూరం అనుకుంటూ ఉండగా బస్సు కిందనుంచి పెద్ద చప్పుడైంది. డ్రైవరు దిగి, కిందికి దూరి చూసి, పెదవి విరిచాడు.

ఇక చూడాలి మన శెట్టిని! పెళ్లి సంగతి మరిచాడనను గానీ, ఆ క్షణాన అది కాస్త వెనక్కి జరిగింది. అలవాటు కొద్దీ నోరు ముందుగా లేచింది. వేరే బండన్నా తెప్పించు, చార్జీ అన్నా వాపసు ఇయ్యి అని కండక్టర్ని నిలదీశాడు. తన చేతిలో లేదన్నాడు వాడు. అయితే ఏజెంటును పిలుచుకురా అన్నాడు ఈయన. వాదించి వాదించి, ఎవరిదో సైకిలు అడిగి వాణ్ణి వెనక ఊళ్లో ఉన్న ఏజెంటు దగ్గరికి తరిమాడు. జనం "శెబాష్ శెట్టిగారూ" అన్నారు. ఆ మాట ఒక్కటి చాలు ఆయనకు.

కండక్టరు అలా పోయాడో లేదో, కట్టెల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఉదయగిరికే పోతోంది. డ్రైవరు మంచివాడు, ఎక్కండన్నాడు. క్షణంలో బస్సు ఖాళీ. కట్టెల మీద కూర్చున్న మాలకొండమ్మ చెయ్యి ఊపింది.

"రాండి శెట్టిగారా! గంప మొయ్యాలంటిరే!"

"దిగి పోయినోళ్లకు పైసా రాదు పెద్దమ్మా. మనంతట మనమే వదిలేసినట్టు అవతాది. ఇప్పుడు వచ్చేస్తాడు ఏజెంటు."

"ఆ దుడ్లు నేనిస్తాలే, ఎక్కయ్యా!"

"దుడ్లు కాదమ్మా, న్యాయం. ఇంత గోల చేసి నేనే ఎక్కేస్తే, వాపసు శెట్టి తోక ముడిచినాడంటారు. నువ్వు పో, ఎనకాలే వస్తా. పెళ్లింట్లో చెప్పు."

అదీ సంగతి. తోక ముడిచాడంటారని! ఎవరంటారు? కండక్టరు అంటాడు, ఏజెంటు అంటాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరి మాట కోసం ఆగిపోయాడయ్యా ఆ మహానుభావుడు! లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. డ్రైవరు బస్సు నీడన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కోదండరామయ్య రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అనుకున్నాడు. ఇంత సేపు కాచి ఇప్పుడు పోతే కాచింది దండగ కదా అనుకున్నాడు. నీడ కాళ్ల కిందికి వచ్చింది.

ఏజెంటు వచ్చాడు. ఉన్నది ఈయన ఒక్కడే కాబట్టి ఒక్కడికే ఇచ్చాడు. "మీతో పెట్టుకోలేం శెట్టిగారా," అని దండం కూడా పెట్టాడు. గెలిచాడు కోదండరామయ్య. చిల్లర నడుముకు దోపుకుని తల ఎత్తి ఎండను చూశాడు. పొద్దు నడినెత్తి దాటింది.

సిల్కు పంచె పైకి ఎగ్గట్టి పరుగెత్తాడు. కొంత పరుగు, కొంత నడక. వీధి మొదట్లోకి వచ్చేసరికి మేళం వినబడలేదు. పందిట్లో రెండో బంతి వాళ్లు భోజనాలకు కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి కొందరు తలలు వంచుకుని అన్నం కలుపుకున్నారు. అక్క నెయ్యిగిన్నె పట్టుకుని ఎదురొచ్చింది.

"అక్కా, బస్సు చెడిపోయిందక్కా."

"తెలుసురా. బస్సులో వాళ్లంతా వచ్చినారు."

అంతే. ఆమె నెయ్యి వడ్డించడానికి పోయింది.

జరిగిందేమిటో వరదమ్మ వంటింటి వెనక నిలబెట్టి చెప్పింది. వసంత గంపలో కూర్చుందట. ముహూర్తం దగ్గర పడుతోందని వరసకు మామ అయ్యే ఇంకొకాయన గంప పట్టుకోబోతే పిల్ల ఒప్పుకోలేదట. "మా మామ వస్తాడు, ఆగండి" అని భీష్మించుకుంది. పంతులు కసిరాడు, మగపెళ్లివాళ్లు సణిగారు. అయినా కదల్లేదు. అప్పుడు మాలకొండమ్మ, ఇంటికి పోయి కోక మార్చుకుని వచ్చి, ఆదిలక్ష్మమ్మతో దిగులు పడొద్దు, మీ తమ్ముడు క్షేమంగా ఉన్నాడు, చార్జీ వాపసు తీసుకుని వస్తానన్నాడు అని చెప్పింది. పాపం, మంచి మాటే చెప్పాననుకుంది ఆవిడ. వసంత ఆ మాట విన్నది. గంపలోంచి లేచి, తల వంచుకుని, తన కాళ్లతో తానే నడిచి పీటల మీద కూర్చుంది.

"ఏడిస్తే బాగుండు," అంది వరదమ్మ. "ఏడవలా."

ఆ తర్వాత ఆయన బస్టాండుకు పోవడం మానేశాడు. వాపసు కోసం ఎవరన్నా వస్తే, "ఏజెంటునే అడగండి నాయనా, నాకేం తెలుసు" అని లోపలికి పోయేవాడు. పేరు మాత్రం పోలేదు. ఎవరన్నా అలా పిలిస్తే ఒళ్లంతా కుంచించుకుపోయేది.

కొన్నేళ్లకు వసంత బిడ్డకు చెవులు కుట్టిస్తున్నామని సంగం నుంచి కబురొచ్చింది. బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి. వసంతకు అన్నదమ్ములు లేరు. తననే పిలుస్తారని కోదండరామయ్యకు ఎక్కడలేని ఆశ పుట్టింది. కొట్టు మూసి నాలుగు రోజులు ముందుగానే చేరాడు. వసంత కాళ్లకు నీళ్లిచ్చింది, కాఫీ ఇచ్చింది, అత్తామామలకు చూపించింది. మర్యాదకు ఏ లోటూ లేదు.

"ఒళ్లో నేను కూర్చోబెట్టుకుంటానమ్మా," అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని.

"అయ్యో, ఎదురింట్లో వరసకు అన్న ఉండాడు మామా, ఆయనకు చెప్పేసినా," అంది వసంత. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. "ఆయనైతే ఈడనే ఉంటాడు గదా. నువ్వు ఎంత దూరం నుంచో రావాల, దోవలో ఏమవతాదో ఏమో."

చెవులు కుట్టిన రోజు కోదండరామయ్య చుట్టాలతో పాటు చాపమీద కూర్చున్నాడు. సూది దిగగానే బిడ్డ కెవ్వుమంది. ఆయన చేతులు చాచి సగం లేచాడు. ఎదురింటాయన బిడ్డను భుజాన వేసుకుని అప్పటికే ఊరడిస్తున్నాడు. శెట్టి మళ్లీ కూర్చున్నాడు.