పగలని అద్దం ముక్కలు

2018 మే నెల. బందరులో మందుల షాపు పైన ఉన్న గదే మా ఆఫీసు. నేను బిల్డింగుల ఇంజనీర్‌ని. కొత్తవి కట్టించడం కంటే, పాతవి ఇంకా నిలబడతాయో లేదో చూసి చెప్పడమే నాకు ఎక్కువ పని. స్కూలు గుర్తింపు రెన్యువల్ కావాలంటే, ఈ బిల్డింగు పిల్లలు కూర్చోవడానికి పనికొస్తుందని ఒక ఇంజనీరు సంతకం చేసి ఇవ్వాలి. దాన్ని స్ట్రక్చరల్ సౌండ్‌నెస్ సర్టిఫికెట్ అంటారు. ఎండాకాలం వచ్చిందంటే గుడివాడ నుంచీ, ముదినేపల్లి నుంచీ, అటు దివిసీమ నుంచీ ఫైళ్లు పట్టుకుని వస్తారు. వాళ్లకు కావలసింది సంతకం. బిల్డింగు చూడాలి, ఎప్పుడు రమ్మంటారు అని అడిగితే మొహాలు మాడ్చుకుంటారు. కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టి పంపేవాళ్లు మా వృత్తిలో ఉన్నారు. నేను ఆ బాపతు కాదని నాకు చాలా గర్వం. ఆ గర్వం ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ మే నెలలో వచ్చినాయన అవనిగడ్డ దాటాక ఒక ఊళ్లో స్కూలు నడుపుతారు. కరస్పాండెంటు. మా నాన్న వెళ్లే చర్చికే ఆయనా వచ్చేవారు. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటినుంచీ ఆయన్ని మావయ్య గారనే పిలిచేదాన్ని. నన్ను అమ్మాయ్ అనేవారు. మన అమ్మాయే ఇంజనీరయ్యాక ఇంకొకరి దగ్గరికి ఎందుకు వెళ్తానని నవ్వుతూ కూర్చున్నారు. మన అమ్మాయి కూడా బిల్డింగు చూడందే సంతకం పెట్టదని అన్నాను. ఆ నవ్వు కాస్త తగ్గింది.

మా వైపు ఇన్‌స్పెక్షన్ అంటే ముందు సున్నం. చూడ్డానికి వచ్చేవాళ్లకు మర్యాద చేసినట్టు గోడలకు వెల్ల వేసి పెడతారు. నేను వెళ్లేసరికి స్కూలు కూడా అలాగే తెల్లగా మెరుస్తోంది. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత కొన్నేళ్లకు కట్టిన బిల్డింగు. ఆ రోజుల్లో అక్కడ దొరికిన ఇసుక, నీళ్లు రెండింట్లోనూ ఉప్పే. ఉప్పు కాంక్రీటులోకి పోతే లోపలి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైన ఉన్న కాంక్రీటును నెట్టేస్తుంది. బయటికి మాత్రం సన్నటి గీత కనిపిస్తుంది, అంతే. ఆ గీతను సున్నం కప్పేస్తుంది.

గీకించాను. పెద్ద క్లాసు గదిలో, గుమ్మం వైపు బీము మీద, వెంట్రుకంత పగులు బయటపడింది. చిన్న సుత్తితో తట్టి చూస్తే రెండు చోట్ల డొల్ల మోత వచ్చింది, అంటే లోపల కాంక్రీటు ఇనుమును వదిలేసిందన్నమాట. ఆ మోత నా పుస్తకంలో రాసుకున్నాను కూడా. కానీ పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది సుత్తి చెప్పదు. దానికి మా పనిలో టెల్‌టేల్ అని ఒక పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్‌తో అతికిస్తాం. పగులు కదిలితే అద్దం విరుగుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. ఇంతకంటే చవకైన, నిజాయితీగల పరికరం లేదని నా నమ్మకం. ఐదు ముక్కలు అతికించి, పక్కన గోడ మీద తేదీ రాశాను. మిగిలిన ప్లాస్టర్ పొట్లం నేనే స్టోర్ రూములో పెట్టించాను.

వానాకాలంలో వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఈ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టకండి అని చెప్పాను. మావయ్య గారు సణిగారు గానీ ఒప్పుకున్నారు. అప్పుడే ఆయన, తలుపు దగ్గర చీపురుతో నిలబడి ఉన్న ఆయాను పిలిచారు. పేరు సువార్తమ్మ. నలభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా స్కూలు ఊడ్చేదీ, బెల్లు కొట్టేదీ, చిన్నపిల్లల ముక్కులు తుడిచేదీ ఆవిడే.

"ఇదిగో సువార్తా, ఆ అద్దం ముక్కలు చూశావుగా. మేడం గారు మళ్లీ వచ్చేసరికి ఒక్కటి పగిలినా నీ ఉద్యోగం ఉండదు."

ఆవిడ తల ఊపింది. ఆయన గొంతులో బెదిరింపు కంటే హోదా ఎక్కువ వినిపించి నాకు నవ్వొచ్చింది. నవ్వాను. పైగా, ఎవరూ ముట్టుకోకుండా బాగానే ఉంటుందిలే అనుకున్నాను.

ఆగస్టు ఆఖర్లో మళ్లీ వెళ్లాను. దారంతా వాన, చేలల్లో నీళ్లు. గదిలో నిచ్చెన వేయించుకుని చూశాను. ఐదుకి ఐదూ చెక్కు చెదరలేదు. మధ్యలో రెండు ముక్కల అంచులు కాస్త పచ్చగా కనిపించాయి. వానాకాలం కదా, చెమ్మకు పాచి పట్టి ఉంటుందనుకున్నాను. వేలితో రుద్ది చూడాల్సింది. చూడలేదు. కింద సువార్తమ్మ నిచ్చెన పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. బాగున్నాయని చెప్పగానే ఊపిరి పీల్చుకుని, నాకు టీ తెచ్చి ఇచ్చింది.

పగులు కదలడం లేదు, గది వాడుకోవచ్చు, ఏడాదిలోగా బీముకు మరమ్మతు చేయించాలి అని రాసి సంతకం పెట్టాను. సుత్తి చెప్పిన డొల్ల మోత నా పుస్తకంలోనే ఉండిపోయింది. దాని కంటే నా అద్దాలనే నమ్మాను.

నవంబరులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, బీము కింది కాంక్రీటూ దాన్ని ఆనుకున్న స్లాబు పెచ్చూ కలిసి ఊడిపడ్డాయి. పిల్లలు అన్నాలకని వరండాలో ఉన్నారు. ఇంకో పది నిమిషాలైతే బెంచీల మీద ఉండేవాళ్లు. ఆ సమయానికి గదిలో ఉన్నది ఊడుస్తున్న సువార్తమ్మ ఒక్కతే. ఎడమ పాదం నుజ్జయింది.

కబురు తెలియగానే స్కూలుకు వెళ్లాను. కిందపడ్డ ముక్కల్లో నా అద్దాలు వెతికాను. మూడు సన్నవి, నేను పెట్టినవే. రెండు మాత్రం మందంగా, అంచులు పచ్చగా, ఫొటో ఫ్రేములకు వేసే రకం. ఇప్పుడు వేలితో రుద్ది చూశాను. పాచి కాదు, అద్దం రంగే.

సువార్తమ్మను బందరు ఆసుపత్రిలో పెట్టారు. పాదం తీసేశారు. మర్నాడు వెళ్లాను. నన్ను చూసి లేవబోయింది. వద్దని చెప్పి పక్కన కూర్చున్నాను. అడగాలని వెళ్లాను గానీ, అడగక్కర్లేకుండా ఆవిడే చెప్పింది.

"జులైలో మొదటిసారి పగిలిందమ్మా. నా బూజు కర్ర తగిలిందేమో అనుకున్నాను. నా ఉద్యోగం పోద్దని భయమేసింది. అవనిగడ్డలో ఫొటోలు కట్టేవాడి దగ్గర ముక్కలు అడుక్కొచ్చి, మీరు దాచిన పొడితోనే అంటించాను. ఆ తర్వాత అక్కడే ఇంకో రెండుసార్లు పగిలినయి. కర్ర అటు పోనివ్వలేదమ్మా, అయినా పగిలినయి. ఎట్టా పగులుతున్నయ్యో అర్థం కాలేదు."

మూడుసార్లు. ఆ బీము మూడుసార్లు నాకు కబురు పంపింది. మూడుసార్లూ ఆ కబురును శ్రద్ధగా, నీటుగా తుడిచేసిన మనిషికి, అది కబురని నేను చెప్పనేలేదు. అద్దం ముక్క ఎందుకు పెడతారో మీకు ఇంతకుముందు నాలుగు మాటల్లో చెప్పాను. ఆ నాలుగు మాటలు ఆ రోజు తలుపు దగ్గర ఉన్న మనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మావయ్య గారికి మాత్రం టీ తాగుతూ వివరంగా చెప్పాను.

విచారణకు ఒక అధికారి వచ్చారు. నన్ను లిఖితపూర్వకంగా రాసిమ్మన్నారు. అరపేజీ రాశాను. టెల్‌టేల్స్‌ను నాకు తెలియకుండా స్కూలు సిబ్బంది మార్చారని, ఆ కారణంగా పగులు కదలికను గుర్తించలేకపోయానని. ప్రతి మాటా నిజమే. మావయ్య గారు ఇంకాస్త ముందుకు వెళ్లి, ఆయా మోసం చేసిందని రాసిచ్చారు. సున్నం పూసి పగుళ్లు దాచినాయనది మర్యాద, అద్దాలు మార్చినావిడది మోసం. నేను ఆ మాట కాదనలేదు. నా లైసెన్సు నాకు ఉంది. బిల్డింగు పడగొట్టారు. స్కూలు అద్దె ఇంట్లోకి మారి మళ్లీ నడుస్తోంది, కొత్త ఆయాతో. సువార్తమ్మ ఏ ఉద్యోగం పోకూడదని అంత పాటుపడిందో ఆ ఉద్యోగం పోయింది, పాదంతో పాటు.

రెండేళ్ల తర్వాత నాగాయలంకలో వేరే పని పడితే, వాళ్ల అక్క ఇంట్లో ఉంటోందని విని వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. చంకకర్ర గోడకు ఆనించి ఉంది.  పక్కన కూర్చుని, ఆ అద్దాలు పగలాలనే పెట్టానమ్మా అని చెప్పాను. పగిలితే ఎవరి తప్పూ కాదని, పగిలితేనే మంచిదని.

చేతులాపి నా వైపు చూసింది.

"ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే, పరిగెత్తుకుంటా వచ్చి మీకు చెప్పేదాన్ని గదమ్మా."

 తర్వాత, ఆఫీసర్ గారికి రాసిచ్చిన కాగితంలో తన గురించి ఏం రాశానని అడిగింది. అద్దాలు మార్చారని రాశాను అన్నాను.

"అది నిజమే గదండీ. మరి ఆ రోజు కరస్పాండెంటు సారు నాతో అన్న మాట రాశారా?"

లేదన్నాను. ఆవిడ మళ్లీ రొయ్యల గిన్నె దగ్గరికి లాక్కుంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఇప్పుడు నేను పాత బిల్డింగుకి వెళ్తే ముందు ఓనరుతో మాట్లాడను. ఊడ్చేవాళ్లను, వాచ్‌మన్‌ను పిలిచి, వాళ్ల చేతే ఒక అద్దం ముక్క విరగ్గొట్టిస్తాను. ఇలా విరిగితే నాకు ఫోన్ చెయ్యండి, మీ చెయ్యి తగిలి విరిగినా చెయ్యండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనకూడదు అని ఓనరు వినేలా చెప్తాను. తేదీ గోడ మీద కాదు, అద్దం మీదే రాస్తాను. ఇవన్నీ నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి పాదం ఇచ్చింది మాత్రం నేను కాదు.

నా అరపేజీ ఇంకా ఆ ఫైల్లో ఉంది. దాన్ని ఇప్పుడెవరూ తెరవరు. అందులో రాయాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఒక్కటి పగిలినా నీ ఉద్యోగం ఉండదని ఆయన సువార్తమ్మతో అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. విన్నాను. నవ్వాను.