అన్నం లేని క్యారియర్

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదులెండి, ఫోను మీద వేలు పెట్టి నొక్కితే సామాను గడప దగ్గరికి వచ్చి పడే రోజులే. కాకపోతే అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. వంట మీద నాలుగు వీడియోలు చూసి ఉన్నాను కాబట్టి ఇంటినే కాదు, లోకాన్నే బాగుచేసేయగలనని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నన్ను పెట్టిన పాట్లకు ఇప్పటికీ క్యాబేజీ కనిపిస్తే నేను మొహం తిప్పుకుంటాను.

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి శిల్పి. షెడ్డులో విగ్రహం ఎవరు చెక్కినా సరే, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఉలి నాయన చేతికి రావాల్సిందే. అట్లాంటి మనిషికి రెండు కండ్లలోనూ పొర వచ్చింది. చాగలమర్రి పక్క ఒక ఊరివాళ్లు చేయమని చెప్పిన అమ్మవారి విగ్రహం ఒళ్లంతా పూర్తయి, ముఖం మాత్రం మొద్దుగా మిగిలిపోయింది. నాయన దాని ముందు కూర్చుని బొటనవేలితో తడుముకుంటూ ఉంటే చూడలేక నేను పక్కకు పోయేదాన్ని. నంద్యాలలో కంటి డాక్టరేమో షుగర్ దిగితేగానీ ఆపరేషన్ చేయనన్నాడు. ఊరివాళ్లేమో జాతర లోపల ఇయ్యకపోతే ముఖం ఇంకో షెడ్డులో చేయించుకుంటామన్నారు. ఆ పొద్దు నాయన ఇంటికి వచ్చి చెప్పు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. "ఒళ్లంతా నేను చెక్కి, కండ్లు ఇంగొకడు తెరిస్తే అది నా బొమ్మ ఎట్లయితాది పాపా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాయన షుగర్ నేనే దించుతానని అప్పటికప్పుడు మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

దించాలంటే అన్నం తగ్గించాలి. నాయన దగ్గర అది అయ్యే పనేనా! పొద్దున ఉగ్గాని బజ్జీ తిని కూడా "టిఫినే కదా, అన్నం ఎప్పుడు?" అనే మనిషి. పెండ్లికి పోయి బిర్యానీ మెక్కి వచ్చి, ఇంట్లో పిడికెడు పెరుగన్నం తింటేగానీ ఆయన లెక్కలో భోంచేసినట్టు కాదు. నా ఉద్యోగం చూస్తే నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో బిల్లులు కొట్టడం. (పండక్కి మా ఓనరు ఎంతో ప్రేమగా ఇచ్చిన బహుమానం కూడా సోనా బియ్యం మూటే. దాన్ని బస్సు మీద వేయించుకుని వస్తూ నేను పడిన సిగ్గు ఆ కండక్టరుకు తెలియదు.) అదే మిల్లులో నా పక్క కుర్చీలో ఒక అక్క ఉండేది. అందరం ఆమెను డైట్ అక్క అనేవాళ్లం. ఆమె సన్నబడి ఏడాదయింది, అప్పటి నుంచి డైటు తప్ప ఇంకో మాట మాట్లాడింది లేదు. "బియ్యం, రొట్టె, సంగటి, ఉర్లగడ్డ అన్నీ బంద్ చెయ్. స్లో కుక్కర్ తెప్పించు. రాత్రి కూరా మాంసం అందులో పడేసి పండుకో, తెల్లారేసరికి అదే ఉడికి ఉంటాది" అంది. మొదటి జీతం అందగానే వాయిదాల మీద తెప్పించాను.

పింగాణీ గిన్నె, అద్దం మూత, సన్నసెగకు తిప్పుకునే మీట. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మంట యాడ?" అంది. లేదన్నాను. "విజిల్?" అదీ లేదు. "మరి ఉడుకుతాండాదో పండుకుండాదో ఎట్ల తెలుస్తాది?" అని దానికి నిద్రకుండ అని పేరు పెట్టేసింది. మొదటి రాత్రి కోడి మాంసం వేసి పడుకున్నాను. తెల్లారి మూత తీస్తే ముక్కలు గోరువెచ్చని నీళ్లలో పచ్చిగా తేలుతున్నాయి. అమ్మ రోజూ చేసినట్టే పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేసింది. "పొయ్యి ఎలిగించి పండుకునేది ఏ ఇంట్లో ఉండాది? తగలబడిపోతే?" అని నన్నే తిట్టింది. రెండోసారి స్విచ్ మీద చేయి పెట్టొద్దని అమ్మకు దండం పెట్టి పడుకుంటే కరెంటు పోయింది. మూడోసారి సొరకాయ, క్యాబేజీ వేసి మామూలు కుక్కరు లెక్కన నీళ్లు పోశాను. ఆ కుండలో నీళ్లు ఆవిరై పోవని నాకెవరు చెప్పారు! పొద్దునకు అదొక రంగులేని జావ. అమ్మ గరిటెతో ఎత్తి పోస్తూ, "ఇది మీ నాయనకా, బర్రెకా?" అంది. కుండను వీధిలోకి విసిరేద్దామనిపించింది. వాయిదాలు ఇంకా కట్టాల్సి ఉంది కాబట్టి విసరలేదు.

ఎట్లయితేనేం, నీళ్లు మానేసి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసాలు, ఎండుకొబ్బరి నూరి పట్టించి మాంసం వేస్తే ఒక పొద్దు కుదిరింది. ఆ వాసనకు పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు. ఇంక క్యారియర్ కట్టడం మొదలు. కింది గిన్నెలో మాంసం, మీది గిన్నెలో గుడ్లు, ఏదో ఒక ఆకుకూర. అన్నం గిన్నె తీసి పక్కన పెట్టేశాను. "పెండ్లయినప్పటి నుంచి మీ నాయనకు అన్నం లేని క్యారియర్ కట్టింది లేదే" అని అమ్మ కొంగుతో ముక్కు చీదింది. నాయన మానేస్తే నేను ఎట్ల తినేది, నేనూ మానేశాను. నాకు మాంసం మిగిలేది కాదు, క్యాబేజీ దండిగా మిగిలేది. చుట్టూ బియ్యం మూటలు, కొత్త బియ్యం వాసన, మధ్యలో నేను, నా క్యాబేజీ. అట్లాంటి మధ్యాహ్నాలు పగవాడికి కూడా వద్దు.

అయినా సాయంత్రం నాయన క్యారియర్ తుడిచినట్టు ఖాళీగా వస్తుంటే నా కష్టమంతా మరచిపోయేదాన్ని. "శానా బాగుండాది పాపా. రేపు ఇంగొంచెం ఎక్కువ పెట్టు" అనేవాడు నాయన. పెట్టాను. ఇంకొంచెం అన్నాడు, ఇంకొంచెం పెట్టాను. నెల తిరిగాక రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ దిగలేదు సరికదా, ఉన్నదానికంటే ఎక్కింది. డాక్టరు కాగితం పక్కన పడేసి, "ఏం తింటాండావ్ పెద్దాయనా?" అన్నాడు. "మా పాప కట్టిందే తింటాండా సార్. మా క్యారియర్లో మెతుకు కనపడితే చెప్పుతో కొట్టండి" అన్నాడు నాయన. డాక్టరు నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం నేరుగా షెడ్డుకు పోయాను. ఉలి చప్పుళ్లు ఆగిపోయి, రాతి దుమ్ములోనే అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆ షెడ్డులో ఎవరి బువ్వ వాళ్లు తినే అలవాటు లేదు. అన్ని క్యారియర్లూ మధ్యలోకి రావాలి, ప్రతివాడూ పక్కవాడి కంచంలో పెట్టాలి, పెట్టింది వద్దంటే పెట్టినవాడికి తలవంపులు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే అది. నా బుర్రకు ఎక్కలేదు! నాయనతో పాటే ఆ షెడ్డులో పనిచేసే మా చిన్నాయన గరిటె పట్టుకుని నా కూర అందరికీ వడ్డిస్తున్నాడు. నాయన కంచంలో ఒక పక్క ఒకరి సన్నబియ్యం అన్నం గుట్ట, ఇంకో పక్క మరొకరి సంగటి ముద్ద, మీద ఎవరిదో జొన్నరొట్టె.

"రా పాపా, రా!" అన్నాడు చిన్నాయన నన్ను చూసి. "నీ కూర వచ్చినకాడి నుంచి మాకు రెండు ముద్దలు ఎక్కువ పోతాండాయి. మీ నాయనకైతే చెప్పే పనే లేదు."

"నాయనా!" అన్నాను.

నాయన చేతిలో ముద్ద అట్లనే ఆగిపోయింది. "మన క్యారియర్లో మెతుకు లేదు కదా పాపా" అన్నాడు మెల్లగా. "అన్నం వాళ్లది. ప్రేమగా పెడ్తాంటే వద్దనేదెట్ల?"

అందరూ నవ్వారు. నేను సగం చెక్కిన నంది మీద కూలబడి బోరుమన్నాను. "తినండి, బాగా తినండి! ఆ అమ్మవారిని ఇంకో షెడ్డోళ్లు ట్రాక్టర్లో ఎత్తుకుపోతాంటే అప్పుడు కూడా కూర్చోని తినండి!" అని అరిచాను. నవ్వులు ఆగిపోయాయి. చిన్నాయన లేచి వచ్చి, నాయన కంచంలో ఒక్క గరిటె అన్నం మాత్రం వదిలి మిగతాది ఎత్తేశాడు. ఆ పొద్దు నుంచి రోజూ ఆ గరిటె కొలత చిన్నాయనదే. దానికి తోడు డాక్టరు సూది మందు మొదలుపెట్టాడు, మెల్లగా షుగర్ దిగింది. నా నిద్రకుండకు అందులో వాటా ఉందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పినప్పుడు ఎదురుగా నేనే నిలబడి ఉన్నాను. నాయన రాయిని చూసినట్టే నన్ను చాలాసేపు చూశాడు. "ఏందీ పాపా, దవడలు ఇట్ల పీక్కపోయినాయి? కండ్ల కింద ఆ గుంతలేంది? అన్నం తింటాండావా, లేదా?"

"యాడ తింటాది? నువ్వు మానేసినావని అదీ మానేసింది" అంది అమ్మ. "ఆ నిద్రకుండ కూడు అన్నం లేకుండా తిన్నది ఇంట్లో ఇదొక్కటే."

నాయన నన్ను వెంటబెట్టుకుని పోయి, బస్టాండు ఎదురు హోటల్లో ఒక భోజనం చెప్పి, పప్పన్నంలో నెయ్యి పోసి కలిపి, ముద్ద చేసి నా చేతిలో పెట్టాడు. ఏడుస్తూనే తిన్నాను. అంత రుచైన అన్నం మళ్లీ తినలేదు.

డాక్టరు చెప్పిన గడువు తీరాక నాయన ఉలి పట్టాడు. జాతరకు ముందే అమ్మవారి ముఖం పూర్తయింది. ఆ రోజు మేము చూడటానికి పోయాము. అమ్మ కాసేపు తేరిపార చూసి, "ఇది మన పాప కదా! చిక్కిపోకముందు పాప!" అంది. నాయన రాతి పొడి ఊదుకుంటూ, నా వైపు చూడకుండా, "దవడలు కొంచెం నిండుగానే పెట్టినా" అన్నాడు.

ఇప్పటికీ ఆ జాతరకు పోతుంటాను. ఈ మధ్య నా దవడలు అమ్మవారి దవడలను మించిపోయాయి, మొన్న డాక్టరు నన్నే అన్నం తగ్గించమన్నాడు. నిద్రకుండ అటక మీదే ఉంది, కానీ దించబుద్ధి కావడం లేదు. నాయన కోసమని బియ్యం మూటల మధ్య క్యాబేజీ నములుతూ కూర్చున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది, నవ్వొస్తుంది, పోనీలే అని ఇంకో గరిటె అన్నం వడ్డించుకుంటాను.