నేను దించిన చెయ్యి

సైన్యంలో పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు వచ్చి పరిశ్రమల వాళ్ళతో మాట్లాడే సభ అజీజ్‌నగర్‌లోని ఒక రిసార్టులో ఉందని నాకు ఫోన్ వచ్చింది. ఫోన్ చేసింది మాకు పని ఇచ్చే సిటీ కంపెనీ మేనేజర్. సైనికులు వీపుకు తగిలించుకునే సంచులు, మంచుకొండల మీద వేసుకునే డేరాలు ఆ కంపెనీ తయారుచేస్తుంది. వాటికి కావలసిన పట్టీలు కుట్టి, బకిళ్ళు తొడిగి ఇవ్వడం చేవెళ్ళలోని మా షెడ్డు పని.

"మేడమ్, మీరు తప్పకుండా రావాలె. ఆడవాళ్ళు నడిపే యూనిట్లు కూడా ఉన్నట్టు కనిపించాలె గదా" అన్నాడాయన. పిలిచే కారణం అంత దాపరికం లేకుండా చెప్పాక ఇక కోపం ఎట్లా వస్తుంది? వస్తానన్నాను.

మాది చేవెళ్ళ బజారులో బట్టల దుకాణం ఉన్న కుటుంబం. నా భర్త ఊరి చివర పాత పత్తి గోదాము తీసుకుని నాలుగు కుట్టు మిషన్లతో ఈ పని మొదలుపెట్టాడు. ఆయన పోయాక దుకాణం మరిది చూసుకున్నాడు, షెడ్డు నాకు మిగిలింది. అప్పటికి పద్నాలుగు మిషన్లు, పదహారు మంది ఆడవాళ్ళు. ఎక్కువమంది అంతకుముందు గులాబీ తోటల్లో పూలు కోసినవాళ్ళు. ముళ్ళు గీరుకున్న మచ్చలు వాళ్ళ ముంజేతుల మీద ఇంకా కనిపించేవి. మొత్తం షెడ్డులో మగమనిషి ఒక్కడే. ఆలూరు ఆయన. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి వచ్చాడు. అందరం ఆయనను మిలిటరీ అన్న అనేవాళ్ళం. వయసులో నాకన్నా చిన్నవాడైనా నేను కూడా అట్లాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను అక్కా అనేవాడు.

ఆయన ఎడమచేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే ఉన్నాయి. ఆ రెండు వేళ్ళతో పట్టీని పట్టుకుని, కుడిచేత్తో కుట్టు మీద నిమురుతూ, ఎక్కడ వదులుగా ఉందో ఇట్టే చెప్పేవాడు. కుట్టిన ప్రతి పట్టీ ఆయన చేతిమీదుగానే బయటికి పోయేది.

పనిలో చేరిన మొదటి వారమే ఒక బకిల్ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. రెండు పక్కలా ఒత్తితే ఊడిపోయే మామూలు బకిల్ అది.

"అక్కా, గ్లౌజులు ఏసుకొని దీన్ని ఇప్పనీకి రాదు" అన్నాడు. "ఆ పక్కలు రెండూ ఒత్తాలె. దొడ్డు గ్లౌజులకు అవి అందయి. గ్లౌజులు తీయాలె. ఆ మంచుల గ్లౌజు తీసుడంటే చెయ్యి ఇడిచిపెట్టుడే."

అప్పుడే ఆయన వేళ్ళ సంగతి నాకు తెలిసింది. మంచుతుఫానులో ఒక డేరా కూలి లోపల ఒకాయన ఇరుక్కున్నాడు. పట్టీలు విప్పితే గానీ బయటికి లాగలేరు. ఈయన గ్లౌజులు తీసి విప్పాడు. తరవాత దవాఖానలో మూడు వేళ్ళు తీసేశారు.

"మరి ఆయన?" అని అడిగాను.

"ఆయనకేం కాలే. ఇప్పుడు పంజాబుల గోధుమలు ఏస్తుండు. పంట చేతికొస్తే ఫోన్ చేస్తడు."

మరునాడు ఆయన బకిల్ రెండు రెక్కలకు సన్నటి తాడు చుట్టి, దాని చివర పెద్ద ఉచ్చు ఒకటి కట్టి తెచ్చాడు. ఉచ్చు పట్టుకుని గుంజితే రెక్కలు రెండూ దగ్గరికొచ్చి బకిల్ ఊడిపోతోంది. చేతులకు రెండేసి జతల ఉన్ని సాక్సులు తొడుక్కుని మరీ చేసి చూపించాడు. మిషన్ల దగ్గరి ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"డ్రాయింగ్‌ల లేదు గదన్నా" అన్నాను నేను.

అది నిజమే. కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్‌లో లేని కుట్టు ఒక్కటి వేసినా సరుకంతా వెనక్కి వస్తుంది. ఆయన ఆ నమూనాను జేబులో పెట్టుకుని వెళ్ళి మళ్ళీ పట్టీలు చూడటంలో పడ్డాడు.

సభకు నేను పోతున్నానని తెలిసి, "ఫౌజు పెద్దసారు వస్తుండంట గద, నేను గూడ వస్త అక్కా. ఎనుక కూసుంట" అన్నాడు. మా దగ్గర చేరిన మూడేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

ఆ రోజు తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటు, అద్దంలా మెరిసే బూట్లు వేసుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళు జరిగే హాలు అది. గుండ్రటి బల్లలకు తెల్లగుడ్డలు కప్పారు, కుర్చీలకు వెనక రిబ్బన్లు కట్టారు. అందరి మెడల్లో పేర్ల కార్డులు. ఒకరి విజిటింగ్ కార్డు ఒకరు తీసుకుని, చదవకుండానే జేబులో వేసుకుంటున్నారు. మా షెడ్డు పేరును నా కార్డు మీద తప్పుగా అచ్చువేశారు. ఆయన కార్డు మీద పేరే లేదు, అసిస్టెంట్ అని ఉంది. మాకు వెనక నుంచి రెండో బల్ల దొరికింది. మమ్మల్ని పిలిచిన కంపెనీ మేనేజర్ ముందు వరసలో కూర్చున్నాడు.

సైన్యాధికారి కాగితం లేకుండా మాట్లాడాడు. సన్నటి మనిషి, తల నెరిసింది. గొంతు పెంచలేదు. ముందు మాట్లాడినవాళ్ళందరూ మార్కెట్ గురించి, ఎగుమతుల గురించి చెప్పారు. ఈయన మాత్రం చనిపోయిన సైనికుల తల్లులకు ఉత్తరాలు రాయడం గురించి చెప్పాడు. సంతకం పెట్టే ముందు ప్రతిసారీ, మేము ఇచ్చిన సామానులో ఏదైనా లోటు ఉందా అని తనను తాను ప్రశ్నించుకునేవాడినని చెప్పాడు. హాలులో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"మీరు డ్రాయింగ్ చూసి తయారుచేస్తారు. మేము డ్రాయింగ్ చూసి తీసుకుంటాం. దాన్ని వాడే మనిషి మాత్రం ఈ గదిలో లేడు" అన్నాడాయన ఇంగ్లీషులో. "మీ వస్తువు ఏ చేతికి చేరుతుందో ఆ చేతిని మీలో ఎంతమంది చూశారు?"

నా పక్కనే, తెల్లగుడ్డ మీద, ఆ చెయ్యి ఉంది. మిలిటరీ అన్నకు ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా ఆ మాట అర్థమైంది. ఆయన నావైపు చూడటం నాకు తెలుస్తూనే ఉంది. నేను వేదిక వైపే చూస్తూ కూర్చున్నాను.

"మాతో మాట్లాడండి. తప్పుంటే చెప్పండి. మా తలుపులు తెరిచే ఉంటాయి" అని అధికారి ముగించాడు. అది అలంకారానికి అన్న మాటలా నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

ప్రశ్నలు అడగవచ్చన్నారు. మిలిటరీ అన్న కుడిచేత్తో జేబులోంచి ఆ నమూనా తీసి, ఎడమచెయ్యి పైకెత్తాడు. ఆయన ఏం అడగబోతున్నాడో నాకు వెంటనే తెలిసిపోయింది. మైకు పట్టుకున్న అమ్మాయి మావైపు రెండడుగులు వేసింది. ముందు వరసలో మా మేనేజర్ వెనక్కి తిరిగి చూశాడు.

నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి గుంజాను.

పదహారు మంది పని పోతుందేమోనని ఆలోచించి ఆ పని చేశానని తరవాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ అరక్షణంలో నేను ఎవరి గురించీ ఆలోచించలేదు. భయపడ్డాను, అంతే. ఆయన చెయ్యి దించి, నమూనాను జేబులో పెట్టుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మైకు ఇంకో బల్లకు వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి టెండర్ల గడువు గురించి ఏదో అడిగాడు.

భోజనాల దగ్గర సైన్యాధికారి ఒక్కో గుంపు దగ్గర ఆగుతూ మావైపు వచ్చాడు. మిలిటరీ అన్న పళ్ళెం పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసే సైన్యంలో చేసినవాడని అధికారి గుర్తుపట్టాడు. ఏ రెజిమెంటు, ఎక్కడ చేశావు అని హిందీలో అడిగాడు. ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు. ఎక్కడినుంచి వచ్చాడో మా మేనేజర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫోటో తీశారు. నన్ను మధ్యలోకి జరగమన్నారు.

"ఏమైనా ఇబ్బందులున్నాయా? చెప్పు" అని అడిగాడు అధికారి.

మిలిటరీ అన్న నావైపు చూశాడు. చెప్పు అన్నా అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. మేనేజర్ నన్నే చూస్తున్నాడు. నా చూపు పళ్ళెంలోకి పోయింది.

"ఏం లేదు సాబ్. అంతా బాగానే ఉంది" అన్నాడు మిలిటరీ అన్న హిందీలో.

తిరిగి వస్తుంటే కారు మొయినాబాద్ దాటింది. నేనే అన్నాను, "నీ చెయ్యి గుంజిన అన్నా. తప్పయింది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "ఫికర్ చేయకుండ్రి అక్కా. ఫౌజుల గూడ గిట్లనే ఉంటుండె. పెద్దసారు అడగమంటడు, పక్కనున్నోడు వద్దంటడు." నావైపు తిరిగి, "సారు మాత్రం మంచిగ మాట్లాడిండు" అన్నాడు.

ఆయన కోపగించుకుని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆ వారమే నమూనాకు ఫోటోలు తీసి కంపెనీకి మెయిల్ పంపాను. ఆమోదం పొందిన డ్రాయింగ్ ప్రకారమే కొనసాగించండి అని ఒక వాక్యం జవాబు వచ్చింది. ఆయనకు చూపించాను. చదివి తల ఊపాడు.

రెండు నెలలకు ఆయన పని మానేశాడు. కారణం చెప్పలేదు. జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌కు కాపలాకు కుదిరానని, ఆలూరు నుంచి దూరమైనా ఉండటానికి అక్కడే గది ఇచ్చారని చెప్పాడు. చివరి రోజు ఎప్పటిలాగే సాయంత్రందాకా పట్టీలు చూసి, వదులు కుట్లున్న నాలుగింటిని పక్కన పెట్టి, నమూనాను నా బల్లమీద పెట్టి వెళ్ళాడు.

మరుసటి ఏడాది అదే రిసార్టులో అదే సభ. ఈసారి వచ్చిన అధికారి వేరే ఆయన, వయసులో చిన్నవాడు. ఆయన కూడా మాతో మాట్లాడండి అనే అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నా ఇంగ్లీషు మధ్యలో ఆగిపోతే హిందీలో చెప్పాను, అదీ ఆగితే తెలుగులో. గ్లౌజులు తీయకుండా బకిల్ ఎట్లా విప్పవచ్చో నమూనా గుంజి చూపించాను. మా దగ్గర పనిచేసిన మనిషికి మూడు వేళ్ళు ఎట్లా పోయాయో చెప్పాను. అధికారి శ్రద్ధగా విన్నాడు. మంచి సూచన అని, పక్కనున్న ఆయనను రాసుకోమన్నాడు. నమూనా తీసుకున్నారు. చప్పట్లు కొట్టారు. మా మేనేజర్ మాత్రం ఈసారి వెనక్కి తిరగలేదు. భోజనాల దగ్గర నాతో మామూలుగానే మాట్లాడాడు.

చేతిలో ఉన్న డేరా పట్టీల పని అయిపోయాక కొత్త పని రాలేదు. అడిగితే ఈసారి వేరే వాళ్ళకు ఇచ్చామన్నారు. నేను మాట్లాడినందుకేనని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఇప్పుడు మా షెడ్డులో స్కూలు సంచులు కుడుతున్నాం. ఐదుగురు ఆడవాళ్ళను మానిపించాల్సి వచ్చింది. వాళ్ళలో ముగ్గురు మళ్ళీ పూలతోటలకు పోతున్నారు. ఆ బకిల్ మారిందో లేదో నాకు తెలియదు. అడగడానికి నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఇదంతా ఆయనకు నేనే చెప్పాలనిపించి ఒక మధ్యాహ్నం జన్వాడ వెళ్ళాను. ఎత్తైన ప్రహరీ, నల్లటి ఇనుపగేటు. కాపలా బట్టల్లో ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. లోపలికి రమ్మనడానికి అది ఆయన ఇల్లు కాదు, అందుకని గేటు బయటే నిలబడి మాట్లాడుకున్నాం. సభలో నేను చెప్పిన సంగతంతా అడ్డు తగలకుండా విన్నాడు.

"ఎవరెవరిని మానిపిచ్చిండ్రు?" అని అడిగాడు.

చెప్పాను. ఐదుగురూ ఎవరో ఆయనకు తెలుసు. ఒక్కొక్కరి ఇంట్లో ఎవరికి ఎట్లా ఉందో కూడా తెలుసు.

"మీరు అడగకుంటెనే మంచిగుండె అక్కా" అన్నాడు.

నేను ఆయన నుంచి ఇంకేదో మాట ఆశించి వెళ్ళానని అప్పుడు నాకు అర్థమైంది. ఏం మాట అంటే చెప్పలేను. ఇంతలో రోడ్డు మీద కారు హారన్ మోగింది. ఆయన పరుగున వెళ్ళి గేటు తెరిచి, పక్కకు జరిగి, సెల్యూట్ చేశాడు. కారు అద్దాలు నల్లగా ఉన్నాయి, లోపల ఎవరున్నారో కనిపించలేదు. కారు లోపలికి పోయి దుమ్ము అణిగేదాకా ఆయన అట్లాగే నిలబడ్డాడు. నేను పోయొస్తానని కూడా చెప్పకుండా బయలుదేరాను.