పొడుం డబ్బాలో పడ్డ సారపప్పు

నిన్న ఆసుపత్రిలో బిస్కెట్ల మిషన్ నా పది రూపాయల నోటు మింగి ఏమీ ఇవ్వలేదు. కాపలావాడు "మిషన్ తప్పు చెయ్యదమ్మా, నువ్వే తప్పు నొక్కినవ్" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇది ఎనభై ఏళ్ళ కిందటి మంట, మనవరాలితో టైపు చేయిస్తున్నాను.

బస్తర్ రాజ్యం రోజుల్లో మద్దేడ్ సంతకు వచ్చిన నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, పొడుం అమ్మే సేటు పెట్టిన ఆ ఎర్ర రేకు డబ్బా గుర్తుందా? పైన చీలికలో పైసా వేసి పిడి లాగితే కింద ముక్కుపొడుం రాలేది. అంతకుముందు మా అవ్వ గుప్పెడు సారపప్పు ఇస్తే సేటు తన చేత్తోనే పొడుం పోసేవాడు. మాకు సంతంటే అదే, వస్తువుకు వస్తువు. పైసా ఆమె ఎన్నడూ ముట్టలేదు.

అందుకే అవ్వ ఆ చీలికలోకి సారపప్పు ఒక్కొక్క గింజే ఓపికగా జారవిడిచింది. పిడి బిగుసుకుపోయింది.

"ఏయ్ బుడ్ఢీ, ముసల్దానా, పైసా వెయ్యాలె. మిషన్ ఖరాబ్ చేసినవ్" అంటూ సేటు సంతలో అందరి ముందూ ఆమె చేతి మీద కొట్టాడు. తాళం తీసి, పప్పంతా దులిపి, నోట్లో వేసుకుని నమిలాడు. పొడుం మాత్రం చిటికెడు కూడా ఇవ్వలేదు.

అవ్వ వాడి దవడనే చూస్తూ అడిగింది. "నా పప్పు తిన్నది డబ్బానా, నువ్వా?"

ఆ సేటు కనీసం మా ఎదురుగా నమిలాడు. నిన్నటి మిషన్ వెనక ఎవరి దవడ ఆడుతోందో చూపించమంటే, కాపలావాడు మిషన్ మీద అంటించిన ఫోన్ నంబరు చూపించాడు.