తిరిగొచ్చిన బయానా

మొన్న పొద్దున్న మా మనవరాలు ఉప్మా తింటూ ఫోను చూసుకుని, ఏదో కంపెనీ షేర్లకు పెట్టిన దరఖాస్తుకు అలాట్‌మెంట్ రాలేదని, డబ్బు వెనక్కి వచ్చేస్తుందని చెప్పి, ఇంకాస్త చట్నీ వేయించుకుంది. నేను మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేకపోయాను, ఎందుకంటే పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఇదే కబురు మా తాతగారిని మంచం పట్టించినంత పని చేసింది.

మా నాన్నగారు టెక్కలిలో ఆఫీసు గుమస్తా. కొత్త కంపెనీ ఒకటి ఫ్యాక్టరీ కట్టడానికి జనం దగ్గర పెట్టుబడి సేకరిస్తోందని, దానికి సర్కారు అనుమతి కూడా ఉందని పేపర్లో చదివి, వజ్రపుకొత్తూరు దగ్గర తోటలు చూసుకునే తాతగారికి చెప్పారు. షేరంటే వాటా అని వినగానే తాతగారికి అంతా అర్థమైపోయింది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఏటి కొబ్బరికాయల డబ్బు షేర్ల కోసం బ్యాంకులో కట్టించి, ఫ్యాక్టరీలో వాటాదారుణ్ణయ్యానని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నారు.

కొన్నాళ్లకు ఆ డబ్బు మొత్తం తిరిగొచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో నలుగురు కలిసి జీడితోట కాపు గుత్తకు తీసుకునేటప్పుడు, కొత్తగా చేరేవాడి గురించి ఊళ్లో వాకబు చేసేవారు. మనిషి సరైనవాడు కాదని తేలితే కారణం చెప్పకుండా, అతను ముందుగా కట్టిన బయానా వెనక్కి పంపేసేవారు, అంతకు మించిన అవమానం మరొకటి లేదు. కంపెనీవాళ్లూ అలాగే వాకబు చేశారనీ, అంతకుముందు కంచె దగ్గర తనతో మాటామాటా అనుకున్న తమ్ముడే, అంటే మా చిన్నతాతగారే, ఏదో చెప్పి ఉంటారనీ తాతగారు తీర్మానించేసుకున్నారు. పక్కపక్క ఇళ్లు, ఉమ్మడి నుయ్యి, అయినా అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి, పిల్లలమైన మాకేమో ఎవరి వాకిట్లో ఆడుకోవాలో తెలియని అయోమయం.

ఉన్న షేర్లకన్నా అడిగినవాళ్లు ఎక్కువయ్యారని, అందుకే లాటరీ తీసి కొందరికే ఇచ్చారని నాన్నగారు టెక్కలి నుంచి వచ్చి ఎంత చెప్పినా తాతగారికి ఎక్కలేదు.

"అంతమందికి కావాలంటే తలా కాస్త సేసి ఇచ్చీయొచ్చు గదేటి? మన తోటకి అయిదుగురొత్తే అయిదు వాటాలు సేత్తాం గానీ, సీటీలేసి నలుగుర్ని గెంటేత్తామేటి?"

వింటున్న నాకు ఇద్దరి మాటా నిజమేననిపించి బుర్ర తిరిగిపోయింది, ఇప్పటికీ కుదుటపడలేదనుకోండి.

ఆఖరికి నాన్నగారు, ఎవరికీ చెప్పనని చిన్నతాతగారికిచ్చిన మాట పక్కనపెట్టి, ఆయనా ఆ కంపెనీకే దరఖాస్తు పెట్టారని, ఆయన డబ్బూ తిరిగొచ్చిందని, అన్నగారే తన మీద చాడీ చెప్పారని కుమిలిపోతున్నారని బయటపెట్టేశారు. తాతగారు కండువా భుజాన వేసుకుని తమ్ముడింటికి నడిచారు. గుమ్మం దాటకముందే ఆయన గొంతు మా ఇంటిదాకా వినబడింది.

"నిన్నొద్దన్నోడి కాడ నాకేటి వాటారా, తమ్ముడా!"

మరుసటి ఏడు జీడితోట ఇద్దరూ కలిసే గుత్తకు తీసుకున్నారు.

ఇదంతా చెప్పి, నీలాగే డబ్బు తిరిగొచ్చినవాళ్లు మన వీధిలో ఇంకెవరున్నారే అని మనవరాల్ని అడిగితే, నాకేం తెలుసు అమ్మమ్మా అని నవ్వేసింది. కాదన్నందుకు కుమిలిపోయే రోజులు పోయాయి, సంతోషమే. కానీ కండువా వేసుకుని వెళ్లడానికి ఆ పక్కిల్లు కూడా ఎప్పుడు పోయిందో, అదే నాకు అర్థం కావడం లేదు.